మోరో కవచములు – సంగ్రాహకుల దృష్టి

ప్రాచీనములైన ఆయుధములను, కవచములను సంగ్రహించువారు నేటికిని ప్రమాణముగా చేతబట్టు గ్రంథ మొకటి కలదు. జార్జి కామెరన్ స్టోన్ అను అమెరికా దేశస్థుడు దానిని 1934వ సంవత్సరమున ప్రకటించెను. సర్వదేశములందును సర్వకాలములందును మానవుడు వాడిన ఆయుధకవచముల నిర్మాణమును, అలంకారమును, ఉపయోగమును వివరించు నిఘంటువని ఆ గ్రంథమునకు పేరు. స్టోనుగారు లోహశాస్త్ర మెరిగిన ఇంజనీరు. స్వయముగా గొప్ప సంగ్రాహకుడు. 1935లో ఆయన గతించిన పిమ్మట ఆయన కూర్చిన వస్తుజాలము మరణశాసనము ప్రకారము న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ మ్యూజియమునకు చేరినది. అందు ఫిలిప్పీను దీవుల దక్షిణభాగమున నివసించు మోరో జనుల కవచములును గలవు.

ఆ గ్రంథము పేరులోని మూడు మాటలు నన్ను చాలకాలముగా ఆలోచింపజేయుచున్నవి. నిర్మాణము, అలంకారము, ఉపయోగము: ఒక వస్తువును గూర్చి తెలిసికొనవలసినదంతయు ఈ మూటితో ముగిసినదా? ఈ వస్తువు తన యింటిని విడిచి ఈ అద్దాల పెట్టెలోనికి ఎట్లు వచ్చినది, ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారినది అను ప్రశ్నకు ఆ పేరులో తావు లేదు. దానిని "రాక" యని పిలుచుకొందము. నిర్మాణాలంకారోపయోగములతోపాటు ఈ రాకయు నాలుగవ మాటగా నుండవలదా? మోరో కవచముల విషయమున ఈ నాలుగింటిని వరుసగా పరీక్షించి, సంగ్రాహకుల దృష్టియందలి గుణదోషములను విచారించుట యీ వ్యాసమున కుద్దేశము. ఈ కవచములను నేను చిత్రపటములలో మాత్రమే చూచినవాడను. చేతబట్టి చూచినవారితో వాదించుటకు నాకు గల అధికార మొక్కటే: వారు చెప్పిన మాటలను శ్రద్ధతో చదివితిని, చెప్పక విడిచినవానిని గమనించితిని.

మొదట మోరోలెవరో చెప్పవలెను. అది ఒక తెగపేరు కాదు. మిండనావో ద్వీపమునందును సూలూ దీవులయందును నివసించు మరనావో, మగిండనావో, తౌసుగ్, సామా, యాకన్, ఇరానున్ మొదలగు మహమ్మదీయ జనులకెల్ల స్పెయిను దేశస్థులు పెట్టిన ఉమ్మడి పేరది. తమ దేశమున శతాబ్దములపాటు తమతో పోరిన ముస్లిములను స్పెయినువారు మోరోలని పిలుచుచుండిరి. 16వ శతాబ్దమున తూర్పు సముద్రమున మరల ముస్లిములే ఎదురుపడగా ఆ పాతపేరునే వీరికిని తగిలించిరి. పరులు నిందగా పెట్టిన పేరును ఆ జనులు కాలక్రమమున తామే గర్వముతో ధరించి, నేడు తమ్ము "బంగ్సమోరో" అని చెప్పుకొనుచున్నారు. ఆ సమాసమందలి "బంగ్స" శబ్దము మన "వంశ" శబ్దమే. మలయా భాషద్వారా ఆ దీవులకు చేరినది. మతమునకు వారు వాడు మాట "ఆగమ". మరనావోలలో "మహారాదియ లావన" యను కథ యొకటి కలదు. అందలి లావనుడు మన రావణుడే. కాబట్టి సంస్కృతము చదివిన తెలుగువాడు మోరోల ఇంటి గడప తొక్కినచో బొత్తిగా పరాయివాడు కాడు.

ఇక నిర్మాణము. మోరో కవచము ముందువైపు తెరచుకొను చొక్కా వంటిది. ఇత్తడి తీగను చిన్న చిన్న వలయములుగా వంచి, ఒకదానిలో నొకటి తగిలించి, వలవలె అల్లుదురు. ఆ వల నడుమ వరుసలు దీర్చి పలకలు కూర్తురు. ఈ పలకలు కొన్నిట ఇత్తడివి. కొన్నిట దున్నపోతు కొమ్మును కోసి చదును చేసినవి. రొమ్మునొద్ద కొక్కెములతో బిగించుకొందురు. సంపన్నుల కవచములకు ఆ కొక్కెములు వెండివై, పనితనము గలవై యుండును. పారశీకులును, తురుష్కులును, మన దేశమున మొగలు సైనికులును ఇట్లే వలయములను పలకలను కలిపిన ఉక్కు కవచములను తొడిగిరి. పశ్చిమమునుండి పూర్వమునకు సాగిన సముద్రవ్యాపారపు దారియంతయు ఈ యొక్క చొక్కాలో కనబడునని చెప్పవచ్చును.

సంగ్రాహకులు ఈ కవచమునందు ఎన్ను తప్పొకటి కలదు. ఐరోపావారి మేలైన వలకవచములలో ప్రతి వలయము కొనలను ఒకదానిపై నొకటి చేర్చి, చీల కొట్టి బిగించెడివారు. మోరో కవచమున వలయము కొనలు రెండును తాకునట్లు వంచి విడిచిపెట్టుదురు, చీల లేదు. బలముగా పొడిచిన ఈటెమొన అట్టి వలయమును విప్పివేయగలదు. కావున ఇది రెండవ తరగతి పని యని వారి తీర్పు. ఈ తీర్పులో చెప్పిన విషయము నిజమే. తీర్పు మాత్రము తొందరపాటని నాకు తోచుచున్నది. ఏ కవచమునైనను అది ఎదుర్కొనవలసిన శత్రువును బట్టియు, అది తిరుగవలసిన దేశమును బట్టియు తూచవలెను గదా. మోరో వీరుడు గుఱ్ఱమెక్కి బల్లెముతో వచ్చు ఐరోపా యోధునికై కవచము చేయించుకొనలేదు. అతని లోకమున ప్రబలముగా నున్నవి నరకు కత్తులు: పొడవైన కంపిలాన్, వెడల్పాటి బరోంగ్, వంకరలు తిరిగిన క్రిస్. కోతకు వలయములు, పలకలు చక్కగా అడ్డుపడును. అతని దేశము ఉప్పుగాలి వీచు సముద్రతీరము, ఎడతెగక వానలు కురియు వనము. అచ్చట ఇనుము త్రుప్పుపట్టి తినివేయబడును. ఇత్తడికి పైన చిలుము పట్టునేగాని లోహము నిలుచును. పడవలో కూర్చుండువానికి కొమ్ముపలక తేలికయైనది. కావ్యవిషయమున మన ఆలంకారికులు ఔచిత్య మనుదానిని ఇచ్చట లోహముననే చూచుచున్నాము. దేశకాలములకు తగిన దానిని, వేరొక దేశకాలముల కొలబద్దతో కొలిచి తక్కువ యనుట విమర్శ కాదు.

శిరస్త్రాణముల విషయమున ఈ కొలబద్ద మరింత కఠినముగా నున్నది. మోరోల శిరస్త్రాణములు పెక్కింట స్పెయినువారి 16, 17 శతాబ్దముల శిరస్త్రాణముల పోలిక స్పష్టముగా గలదు: నడినెత్తిని నిలువుగా సాగు శిఖ, చుట్టును అంచు, నుదుటిపై ముందునకు వచ్చు రేకు, ఈకలు గ్రుచ్చుటకు గొట్టము. దీనిని చూచినంతనే "స్పానిషు శిరస్త్రాణమునకు స్థానిక అనుకరణము" అని పేరుచీటీ వ్రాసి ముందునకు సాగుదురు. అనుకరణ మను ఆ యొక్క మాటతో శిల్పి ప్రతిభ కొట్టివేయబడినది.

ఈ విషయమున మనకు ఆనందవర్ధనాచార్యుడు చక్కగా తోడ్పడును. ఒక కవి మాటకు వేరొక కవి మాటకు గల పోలికలను ఆయన ధ్వన్యాలోకమందు మూడుగా విభజించెను. అద్దములో ప్రతిబింబము వంటిది మొదటిది. దానికి తనదగు ప్రాణము లేదు. చిత్రములో వ్రాసిన రూపము వంటిది రెండవది. దానికి అల్పమైన ప్రాణమే కలదు. ఒకే పోలికగల ఇద్దరు మనుష్యుల వంటిది మూడవది. దేహములు సమానమైనను ఆత్మలు వేరు. మొదటి రెండింటిని కవి విడువవలెను, మూడవదానిని విడువనక్కరలేదు. మన నన్నయ తిక్కనల భారతము వ్యాసభారతముతో ఈ మూడవ పోలికచేతనే సంబంధించియున్నదని చెప్పుటకు మనలో ఎవ్వరును సంకోచింపరు.

మోరో శిరస్త్రాణము దేనివంటిది? స్పెయినువాడు ఇనుపరేకును కాచి, సుత్తితో కొట్టి, వంచి తన శిరస్త్రాణమును చేసెను. మోరో కంచరి ఆ మార్గమునే పోలేదు. మైనముతో రూపము చేసి, పైన మట్టి పూసి, కాల్చి, మైనము కరగిపోయిన ఖాళీలో కరగిన ఇత్తడిని పోయుట అతని కులవిద్య. మన శిల్పశాస్త్రములు మధూచ్ఛిష్టవిధానమని చెప్పునదియు, మన దేవాలయములందలి పంచలోహవిగ్రహములు పోతపోసినదియు ఈ మార్గముననే. లనావో సరస్సుతీరమందలి తుగాయా గ్రామము ఈ ఇత్తడిపనికి నేటికిని ప్రసిద్ధి. అచ్చటి కంచరులు కులింతాంగ్ అను గంటల వరుసలను, తాంబూలపు పెట్టెలను, పెద్ద కూజాలను పోతపోయుదురు. ఈ విద్యతోనే మోరోలు లాంటకా యను చిన్న ఫిరంగులను, శిరస్త్రాణములను సిద్ధము చేసికొనిరి. శత్రువు నెత్తిన చూచిన ఆకారమును తన మైనములోనికి, తన ఇత్తడిలోనికి, తన కొలిమిలోనికి తెచ్చుకొని శిల్పి దానికి వేరొక జన్మ నిచ్చినాడు. పోలిక కలదు; ఆత్మ వేరు. ఇది ఆనందవర్ధనుని మూడవ తరగతి.

అలంకారమును జూచినచో ఈ మాట దృఢపడును. మరనావోలు "ఓకిర్" అనియు, తౌసుగులు "ఉక్కిల్" అనియు పిలుచు లతారచన వారి కొయ్యపనిలోను, బట్టలలోను, ఇత్తడిపనిలోను అంతటను కనబడును. చిగురు చుట్టుకొని సాగును; చుట్టు నుండి మరియొక చిగురు పుట్టును. ఆ తీగల నడుమ "నాగ" యను సర్పరూప మొకటి దాగియుండును. ప్రాణులను ఉన్నవి ఉన్నట్లు చిత్రించుటకు వెనుదీయు మతము, అంతకు పూర్వమునుండి వచ్చిన నాగుని విడువలేని మనస్సు – ఈ రెండును తీగలో రాజీపడినవి. మతము మారినను ఇంటి ముగ్గు మారకుండుట మనకును తెలిసినదే. క్రిస్ కత్తిలోని వంకరలకు సైతము ఈ నాగునితో సంబంధము చెప్పుదురు. ఈ భాగమున సంగ్రాహకులకు కృతజ్ఞత చెప్పకతప్పదు. ఒక్కొక్క తీగ మలుపును, ఒక్కొక్క కొక్కెమును పరిశీలించి, ఇది లనావోది, ఇది సూలూది యని వేరుచేయు చూపు వారు సంపాదించినది. పండితులు పట్టించుకొనని కాలమున వారు పట్టించుకొనిరి.

ఉపయోగమును గూర్చి మాత్రము వారు చెప్పుకొను కథలు పరిశీలింపదగినవి. కవచము ప్రతి మోరోకును ఉండెడిది కాదు. అది దాతు అను నాయకుల సొత్తు. యుద్ధమునకు రక్షణ యెంతయో సభకు గౌరవ మంతయే. తుపాకి గుండునకు అది అడ్డుపడదు. అట్లయినను వినుటకు ఇంపైన కథ యొకటి సంగ్రాహకులలో వ్యాపించియున్నది: కవచము తొడిగిన మోరోలు చిన్న పిస్తోలు గుండ్లకు పడకపోవుటచేతనే అమెరికా సైన్యము 1911లో పెద్ద గుండు పిస్తోలును స్వీకరించెనని. ఫిలిప్పీను యుద్ధములలో చిన్న రివాల్వరు చాలలేదను ఫిర్యాదు నిజమే. 1904లో గుండ్ల బలమును పరీక్షించినదియు నిజమే. కాని ఆ ఫిర్యాదునకు మూలమని చెప్పబడువారు, చావునకు సిద్ధపడి ఒంటరిగా మీదపడు శపథవీరులు, ఇత్తడి కవచము తొడిగినవారు కారు. వారు అవయవములను త్రాళ్లతో బిగించి కట్టుకొని, తెల్లని బట్టలు ధరించి వచ్చెడివారు. కథ కవచమునకు అతుకబడినది. కవచము వెల పెరిగినది. కథలను వస్తువులకు అంటించి అమ్ముట వర్తకుని నేర్పు. అంటినదానిని ఊడదీసి చూచుట విమర్శకుని పని.

మరియొకవైపు పొరపాటునకును తావీయరాదు. మోరోలపై జాలిచేత వారి చరిత్రను పాలతో కడుగుట సత్యమునకు ద్రోహము. 18, 19 శతాబ్దములలో ఇరానున్, సామా జనుల నౌకలు ఉత్తరపు దీవుల తీరగ్రామములపై బడి, మనుష్యులను పట్టుకొనిపోయి బానిసలుగా అమ్మినవి. దాతు ఒడలిపై మెరసిన ఇత్తడి చాటున ఏ విసాయా తల్లి కన్నీరు కలదో ఎవ్వరు చెప్పగలరు? కవచమునకు చరిత్ర వ్రాయదలచినచో తొడిగినవాని శౌర్యమును, వాని చేత చెరపడినవాని దుఃఖమును గూడ వ్రాయవలెను. సంస్కారము కోరువారమైన మనము, బానిసత్వము ఎవరు నడిపినను బానిసత్వమే యని చెప్పుటకు వెనుదీయరాదు.

ఇప్పుడు నాలుగవ మాట: రాక.

స్పెయినువారు 1565లో ఆ దీవులలో స్థిరపడినది మొదలు 1898లో విడిచిపోవువరకు మూడు శతాబ్దములకు పైగా మోరోలతో పోరాడిరి. 1637లో గవర్నరు కోర్కువేరా సుల్తాను కుదరాత్ కోటయగు లమితానును పట్టుకొనెను. సుల్తాను మాత్రము తప్పించుకొనెను. పూర్తిగా లోబడని ఆ దేశమును, మిగిలిన దీవులతో కలిపి, 1898 పారిసు సంధిచేత స్పెయిను రెండుకోట్ల డాలర్లకు అమెరికాకు అప్పగించెను. 1899లో అమెరికనులు సూలూ సుల్తానుతో చేసికొన్న ఒడంబడికను 1904లో తామే రద్దు చేసిరి. ఆ సంవత్సరమే సెయింట్ లూయీ నగరమున జరిగిన ప్రపంచప్రదర్శనమునకు వేయిమందికి పైగా ఫిలిప్పీను జనులను గొనిపోయి, కట్టించిన గుడిసెలలో ఉంచి, టిక్కెట్టు కొన్నవారికి చూపిరి. వారిలో మోరోలును గలరు. వస్తువులను చూచు చూపునకును మనుష్యులను చూచు చూపునకును నడుమ గోడ ఎంత పలుచనో ఆ ప్రదర్శనము తెలుపుచున్నది.

1906 మార్చి నెలలో హోలో ద్వీపమందలి బుద్ దాహో అను చల్లారిన అగ్నిపర్వతముపై, తలపన్నునకును పరాయి ప్రభుత్వమునకును లోబడక పోయి కూర్చుండిన తౌసుగులను అమెరికా సైన్యము ముట్టడించెను. ఆలుబిడ్డలతో కూడ చచ్చినవారు 600 నుండి 1000 వరకు ఉందురని లెక్కలు భేదించుచున్నవి. అమెరికనులలో చచ్చినవారు పాతికమందికి లోపు. శవములతో నిండిన కందకము అంచున సైనికులు నిలిచి తీయించుకొన్న ఛాయాచిత్రము నేటికిని ఉన్నది. మార్కు ట్వేను ఆ సమాచారమును చదివి తీవ్రమైన వాక్యములు వ్రాసెను. అవి ఆయన జీవించియుండగా ప్రకటింపబడలేదు. అట్టి యుద్ధభూములనుండి సైనికులు కత్తులను జ్ఞాపికలుగా గొనిపోయిరి. 1911లో పెర్షింగు సేనాని మోరోల నందరను నిరాయుధులను చేయు ఉత్తర్వును ఇచ్చెను. 1913 జూనులో బుద్ బగ్‌సాక్ అను కొండపై మరల వందలమంది హతులైరి.

అన్ని కవచములును ఇట్లే వచ్చినవని నేను చెప్పుటలేదు. కొన్ని స్నేహముచేత కానుకగా వచ్చినవి. కొన్ని దారిద్ర్యముచేత అమ్ముడుపోయినవి. కొన్ని వర్తకులు న్యాయమైన వెల యిచ్చి కొన్నవి. చిక్కంతయు ఇందే యున్నది. కానుకకును, క్రయమునకును, దోపిడికిని భేదము తెలుపు ఆధారము పెక్కింటికి లేదు. "మోరో కవచము, 18–19 శతాబ్దములు, ఇత్తడి, కొమ్ము" అని సామాన్యముగా పేరుచీటీ యుండును. దాని క్రింద మ్యూజియమునకు ఇచ్చిన దాతపేరు ఉండును. పోతపోసిన కంచరి పేరు లేదు. తొడిగిన దాతు పేరు లేదు. ఏ ఊరు, ఏ యిల్లు అను మాట లేదు. ఇచ్చినవాని పేరు నిలిచినది. కోల్పోయినవాని పేరు పోయినది.

మన గృహిణులకు ఈ సంగతి వేరుగా బోధింపనక్కరలేదు. ఆడపిల్ల పెండ్లికి ఇచ్చు ఇత్తడి బిందెలపై, గిన్నెలపై పేరు చెక్కించుట మన యిండ్లలో ఉన్న ఆచారము. పాతసామానులు కొనువాడు ఆ బిందెను తూచి కొనును; పేరునకు బరువు లేదు. తరువాత వాడు పేరును అరుగదీసినచో, బిందె బిందెయే, నీరు పట్టును, వంక పెట్టుట కేమియు లేదు. కాని అది ఇక ఏ అమ్మమ్మదియు కాదు. మోరో కవచముల విషయమున లోకమంతటను జరిగినది ఇదియే. పేరు అరగదీయబడిన ఇత్తడిని మనము ప్రాచీనకళ యని కొనియాడుచున్నాము.

దీనికి సంగ్రాహకుల పక్షమున బలమైన సమాధాన మొకటి కలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. "మేము తీసికొనిపోనిచో ఇవి నశించియుండెడివి" అని వారందురు. 2017లో మరావీ నగరమున, ప్రభుత్వసైన్యమునకును సాయుధతీవ్రవాదులకును అయిదు నెలలు పోరు జరిగి, నగరమధ్యము నేలమట్టమయ్యెను. అది మరనావోల ముఖ్యనగరము. పారిపోయిన కుటుంబములు తరతరములుగా కాపాడుకొన్న "పుసాకా" లను – గంటలు, కత్తులు, పట్టుబట్టలు, ఇత్తడి పెట్టెలు – విడిచిపోవలసివచ్చెను. ఎన్నియో కాలిపోయినవి, ఎన్నియో దోచుకొనబడినవి. న్యూయార్కులోని అద్దాల పెట్టె మాత్రము చెక్కుచెదరలేదు. ఈ మాట నిజము, బరువైన మాట.

అయితే కాపాడుట వేరు, స్వామ్యము వేరు. ఈ రెండింటికిని గల భేదము మన ధర్మశాస్త్రములకు క్రొత్త కాదు. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో రెండవది నిక్షేపము, మూడవది అస్వామివిక్రయము. పరుల సొమ్మును దాచియుంచువాని ధర్మ మొకటి. తనది కానిదానిని అమ్మువాని అపరాధ మొకటి. రెండును ప్రక్కప్రక్కనే యుంచుటలో ఎంత లోకజ్ఞానము కలదు! దాచినవాడు మంచిగా దాచినాడను కారణముచేత వస్తువు వానిది కాదు. దాచియుంచితినని చెప్పువాడు, ఎవరి సొమ్ము దాచితినో చెప్పుటకు సిద్ధముగా నుండవలెను. కాపాడితిమను కీర్తియు, ఎవరిదో తెలియదను సౌకర్యమును ఒక్కచేత పట్టుకొనుట తగదు.

తిరిగి యిచ్చుట అసాధ్యమును కాదు. 1901లో సామార్ ద్వీపమందలి బలాంగిగా గ్రామపు చర్చినుండి అమెరికా సైనికులు గొనిపోయిన మూడు గంటలు, 117 సంవత్సరములకు, 2018 డిసెంబరులో ఆ గ్రామమునకు తిరిగివచ్చినవి. అవి క్రైస్తవగ్రామపు గంటలు, మోరోలవి కావు. ఏ గ్రామమువో తెలిసియుండుటచేతనే అవి తిరుగుట సాధ్యమైనది. పేరు తెలిసిన వస్తువునకు ఇల్లు ఉండును. పేరు పోయినదానికి ఎచ్చటికని తిరుగుట? మన అమరావతి స్తూపపు శిలలు 1859లో మద్రాసునుండి లండనునకు తరలిపోయి అచ్చటనే యున్నవి. అయినను అవి అమరావతివని లోకమునకు తెలియును. మోరో కవచమునకు ఆ పాటి భాగ్యము గూడ లేదు.

ఇక నేటి సంగ్రాహకుల నడవడిలో నాకు కనబడు మూడు దోషములు చెప్పి ముగించెదను.

మొదటిది, తోముట. పాత ఇత్తడిపై ఏర్పడిన నల్లని వన్నెను పోగొట్టి, క్రొత్తదానివలె మెరయజేసి అద్దములో నిలుపుదురు. చింతపండుతో తోమిన చెంబువలె అది తళతళలాడును. కాని వలయముల నడుమ నున్న మైలతో బాటు, వాడుక గుర్తులును, కాలపు గుర్తులును పోవును. వంటపాత్రకు శుచి గుణము. సాక్షికి ముఖము మార్చుట దోషము.

రెండవది, జత కూర్చుట. ఒక చోటి శిరస్త్రాణమును, వేరొక చోటి చొక్కాను, మరియొక చోటి డాలును చేర్చి "సంపూర్ణమైన మోరో యోధుడు" అని బొమ్మకు తొడిగి నిలుపుదురు. చూపులకు నిండుగా నుండును. అట్టి యోధుడు ఎన్నడును పుట్టలేదు. ప్రక్షిప్తశ్లోకములతో గ్రంథమును నింపి ఇదియే మూలమనినచో పండితులు ఊరకుందురా? వస్తువులకు గూడ శుద్ధపాఠ మొకటి కలదు.

మూడవది, క్రొత్తదానిని నిరసించుట. తుగాయాలోని కంచరి నేడు చేసిన పనిని "నకిలీ" యని వీరు త్రోసివేయుదురు. అతని ముత్తాత చేసినదానిని వేలములో పోటీపడి కొందురు. క్రొత్తదానిని పాతదని చెప్పి అమ్ముట మోసమే. దానిని ఎవరు చేసినను ఖండింపవలెను. కాని క్రొత్తదానిని క్రొత్తదని చెప్పి చేయుట కళ. అది బ్రతికియున్న విద్య. చచ్చినవాని చేతిపనికి వెయ్యి యిచ్చి, బ్రతికినవాని చేతిపనికి ఒకటి యీయనివాడు కళను ప్రేమించుచున్నాడా, అరుదుతనమును ప్రేమించుచున్నాడా? మరావీలో ఇండ్లు పోయినవారికి ప్రక్కనే యున్న ఆ కొలిమి చల్లారకుండుట, న్యూయార్కులోని మరియొక అద్దాల పెట్టె కంటె ముఖ్యమని నా తలంపు.

నేను సంగ్రాహకులను మానుకొనుడని చెప్పువాడను కాను. పాతవస్తువునందలి ప్రీతి మనుష్యునకు గౌరవమే. నేను కోరునది స్వల్పము. కొనుటకు ముందు ఎచ్చటనుండి వచ్చినదని అడుగవలెను. చెప్పినదానిని వ్రాసి వస్తువుతో ఉంచవలెను. చెప్పకపోయినచో చెప్పలేదనియే వ్రాయవలెను. పాత ఉత్తరమో, సైనికుని దినచర్యయో, ఛాయాచిత్రమో దొరికినచో దానిని పారవేయక కవచమంత భద్రముగా దాచవలెను. అన్నిటిని ఛాయాచిత్రములు తీసి మరనావోలకు, తౌసుగులకు కనబడునట్లు ప్రకటింపవలెను. తమ ముత్తాత కొక్కెమును గుర్తుపట్టు కన్ను ఇంకను ఆ సరస్సుతీరమున ఉండవచ్చును. ఫిలిప్పీను ప్రభుత్వము 2010లో అమలులోనికి తెచ్చిన సాంస్కృతికవారసత్వ చట్టము, అనుమతి లేనిదే అట్టి వస్తువులను దేశము దాటింపరాదని విధించినది. దానిని తప్పించుకొని తెచ్చినదానిని ఎంత సుందరమైనను ముట్టరాదు.

స్టోనుగారి గ్రంథము గొప్పది. నిర్మాణమును ఆయన లోహశాస్త్రజ్ఞుని కన్నుతో చూచెను, అలంకారమును రసికుని కన్నుతో చూచెను, ఉపయోగమును శోధించెను. ఆయన విడిచిన నాలుగవ మాటను పూరించుట తరువాతివారి పని. ఆ మాటను వ్రాసినచో కొన్ని కవచముల వెల తగ్గవచ్చును. కొన్ని యిల్లు చేరవచ్చును. మిగిలినవానిపై, దాత పేరునకు ప్రక్కన, కంచరి ఊరి పేరైనను చేరును.